ఇరవై దాటబోయే కుర్రాడికి ఏ జట్టు? ఐర్లండ్ ఫుట్‌బాల్ అంచెల్లో దారి ఎంచుకోవడం

ఆ సీజన్‌లో మా ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో ప్రతి మ్యాచ్ తేదీ కింద మా ఆవిడ ఒక అంకె రాసేది. 12, 0, 0, 7, 90, 0. మావాడు మైదానంలో ఉన్న నిమిషాలవి. తొంభై పడిన రోజు అసలు ఆడాల్సిన సెంటర్ బ్యాక్‌కి జ్వరం. వాడు అప్పుడు లీగ్ ఆఫ్ ఐర్లండ్ (ఇక్కడి జాతీయ లీగ్) క్లబ్ ఒకదాని అండర్-20 జట్టులో ఉన్నాడు. ట్రాక్‌సూట్ మీద క్లబ్ బొమ్మ ఉంది, వారానికి నాలుగు రోజులు ప్రాక్టీస్ ఉంది, ఆటే లేదు. నవంబరులో సీజన్ అయిపోయింది, వాడి వయసూ దాటింది. ‘ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు థాంక్స్’ అని రెండు లైన్ల మెసేజ్ వచ్చింది.

ఈ మధ్య డబ్లిన్ శివార్లలో, లూకన్‌లోనో ఆంగర్‌లోనో, మనవాళ్లు నలుగురు కలిస్తే ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు: అకాడమీ అయిపోతోంది, తర్వాత వాణ్ణి ఎక్కడ ఆడించాలి? నాకు తెలిసింది, తెలుసుకోవడానికి ఆలస్యమైంది, ఒకచోట పెడుతున్నాను. ఇది పదిహేడుకీ ఇరవై ఒకటికీ మధ్య ఉన్న కుర్రాళ్లకి, వాళ్లని కార్లో తిప్పే అమ్మానాన్నలకి. ఎనిమిదేళ్ల పిల్లాడైతే ఇదంతా చదవక్కర్లేదు, ఇంటికి దగ్గరున్న క్లబ్బులో చేర్చేయండి.

ముందు నిచ్చెన ఎక్కడ విరిగిందో చూద్దాం

లీగ్ ఆఫ్ ఐర్లండ్‌లో పైన ప్రీమియర్ డివిజన్, దాని కింద ఫస్ట్ డివిజన్. ఒక్కోదాంట్లో 10 జట్లు, ఒక్కో జట్టుకి 36 మ్యాచ్‌లు, ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా, ఎక్కువగా శుక్రవారం రాత్రిళ్లు. ప్రీమియర్‌లో ఆఖరున ఉన్న జట్టు నేరుగా దిగిపోతుంది. తొమ్మిదో జట్టు, ఫస్ట్ డివిజన్ ప్లే ఆఫ్‌లు గెలిచిన జట్టుతో ఆడి తన చోటు నిలబెట్టుకోవాలి. ఇక్కడిదాకా మామూలు నిచ్చెనే.

ఫస్ట్ డివిజన్ కింద మాత్రం మెట్లు లేవు. అక్కడ ఆఖరున వచ్చినా కిందికి దిగేది లేదు. కింది లీగ్ ఎన్నిసార్లు గెలిచినా దానంతట అది పైకి తీసుకెళ్లదు. 2021లో లిమరిక్ నుంచి ట్రీటీ యునైటెడ్, 2023లో ట్రలీ నుంచి కెర్రీ ఎఫ్‌సీ ఫస్ట్ డివిజన్‌లోకి వచ్చాయంటే అప్లై చేసి లైసెన్స్ తెచ్చుకుని వచ్చాయి.

ఆ కింద ఉన్నవి ప్రాంతాల లీగ్‌లు. డబ్లిన్ చుట్టుపక్కల 1896 నుంచి నడుస్తున్న లెయిన్‌స్టర్ సీనియర్ లీగ్, కార్క్ వైపు మన్‌స్టర్ సీనియర్ లీగ్, డోనెగాల్ వైపు ఉల్‌స్టర్ సీనియర్ లీగ్. ఈ స్థాయిని ఇంటర్మీడియట్ అంటారు. దానికింద జూనియర్. ఈ మాట దగ్గర నేను ఘోరంగా పొరపడ్డాను. జూనియర్ కప్ మ్యాచ్ అంటే పిల్లల మ్యాచ్ అనుకుని మా చిన్నోణ్ణి చూడ్డానికి తీసుకెళ్లాను. మిడ్‌ఫీల్డ్‌లో నాకంటే పెద్ద పొట్ట ఉన్న పెద్దమనిషి రిఫరీతో నానా గొడవా పడుతున్నాడు. ఇక్కడ జూనియర్ అంటే వయసుకి సంబంధం లేదు, స్థాయి పేరు, అంతే.

ఎఫ్‌ఏఐ నేషనల్ లీగ్ పేరుతో మూడో అంచె తెస్తామని ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏఐ) ప్రకటించింది. అది నిలదొక్కుకుని, పైకీ కిందికీ జట్లు మారడం మొదలైతే నేను కింద రాసిందాంట్లో సగం తిరగరాయాలి. సంతోషంగా తిరగరాస్తాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది, నా లెక్కలో మిగతా అన్నిటికంటే ముందుండేది, పెద్దవాళ్లతో ఆడే నిమిషాలు. ప్రాక్టీస్ కాదు, ఫ్రెండ్లీ కాదు. పాయింట్లు పోతే ఎవరో ఒకరికి కోపమొచ్చే మ్యాచ్‌లో నిమిషాలు. రెండోది, ఎవరు చూస్తున్నారు. మూడోది, చదువూ ప్రయాణమూ. లీవింగ్ సర్ట్ (ఇక్కడి స్కూలు ఆఖరి పరీక్ష) ఏడాదిలో ఇది మొదటి స్థానానికి వస్తుంది, మన ఇళ్లల్లో మరీను. నాలుగోది, అక్కడ కుదరకపోతే బయటికి రావడం ఎంత సులువు. డబ్బు సంగతి వదిలేశాను, ఎందుకంటే ఈ వయసులో ఈ అంచెల్లో పెట్రోల్ ఖర్చు వెనక్కొస్తే అదే గొప్ప.

| దారి | పెద్దవాళ్లతో ఆట | చూసే కళ్లు | చదువు, ప్రయాణం | కుదరకపోతే |
|---|---|---|---|---|
| అండర్-20లోనే ఉండటం | లేదు | బాగానే ఉంటాయి | వారానికి మూడు నాలుగు రోజులు పోతాయి | వయసు దాటగానే అదే బయటికి పంపుతుంది |
| రిజర్వ్ జట్టు (క్లబ్ రెండో జట్టు) | క్లబ్బును బట్టి | సొంత క్లబ్ కోచ్‌లే | ఫర్వాలేదు | జట్టే ఎత్తేయొచ్చు |
| ఫస్ట్ డివిజన్ | ఉంది, చోటు దొరికితే | ఎక్కువ | శుక్రవారాలు దూరప్రయాణం | లోన్ (సొంత క్లబ్ కొన్నాళ్లు అరువిచ్చింది) అయితే వెనక్కి రావచ్చు |
| ఇంటర్మీడియట్ | బోలెడు | తక్కువ | సులువు | ఎప్పుడైనా మారొచ్చు |
| యూనివర్సిటీ స్కాలర్‌షిప్ | ఉంది | మధ్యస్థం | చదువే ముందు | చేతిలో డిగ్రీ ఉంటుంది |
| విదేశం | చాలాకాలం ఉండదు | చాలా ఎక్కువ | ఇల్లు వదలాలి | తిరిగొచ్చి మళ్లీ మొదలు |

రిజర్వ్ జట్టు: అడగ్గానే అందరూ చెప్పే దారి

‘అండర్-20 తర్వాత రిజర్వ్స్‌లో పెడతారు కదా’ అని కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు అడుగుతారు. ఇంగ్లండ్ క్లబ్బుల్ని టీవీలో చూసి వచ్చిన ఆలోచన అది. ఐర్లండ్‌లో రిజర్వ్ ఫుట్‌బాల్ చరిత్ర మొత్తం పెట్టడం, ఎత్తేయడం, మళ్లీ పెట్టడం.

1960ల నుంచి దశాబ్దాల పాటు బి డివిజన్ అని ఒకటి నడిచింది. పెద్ద క్లబ్బుల రెండో జట్లూ, కొన్ని బయటి క్లబ్బులూ అందులో ఆడేవి. తర్వాత 2008లో ఎ ఛాంపియన్‌షిప్ వచ్చింది. నా దృష్టిలో ఈ దేశంలో రిజర్వ్ జట్లకి జరిగిన మంచి ప్రయత్నం అదే. ఒకే లీగ్‌లో పెద్ద క్లబ్బుల రెండో జట్లు, వాటితో పాటు ట్రలీ డైనమోస్, కాసిల్‌బార్ సెల్టిక్, టుల్లమోర్ టౌన్ లాంటి ఊరి క్లబ్బులు. గాల్వేకి చెందిన మెర్వ్యూ యునైటెడ్, సాల్ట్‌హిల్ డెవన్ ఈ లీగ్ నుంచే ఫస్ట్ డివిజన్‌కి ఎక్కాయి. అంటే రిజర్వ్ కుర్రాడికి పెద్దవాళ్లతో ఆట, ఊరి క్లబ్బుకి పైకి దారి, రెండూ ఒక్క లీగ్‌లో కుదిరాయి.

కానీ అది పెట్టిన కాలం చెడ్డది. దేశమంతా అప్పుల్లో మునిగిన రోజులవి. 2010లో కార్క్ సిటీని నడిపే కంపెనీ మూతపడింది. 2011 మొదట్లో స్పోర్టింగ్ ఫింగల్ అనే క్లబ్ మొత్తానికే మాయమైంది. మొదటి జట్టుకే జీతాలివ్వలేనివాళ్లు రెండో జట్టుకి బస్సు ఏం పెడతారు? 2011 సీజన్‌తో ఎ ఛాంపియన్‌షిప్ ఆగిపోయింది. ఆ తర్వాత డబ్బూ దృష్టీ వయసుల వారీ జాతీయ లీగ్‌లకి మళ్లాయి. అండర్-17 లీగ్ 2015లో, అండర్-15 లీగ్ 2017లో వచ్చాయి. పిల్లలకి మంచే జరిగింది. ఇరవై దాటినవాడికి మాత్రం కింద నేల లేకుండా పోయింది.

మధ్యలో డబ్లిన్ క్లబ్ షామ్రాక్ రోవర్స్ రెండుసార్లు తన రెండో జట్టుని నేరుగా ఫస్ట్ డివిజన్‌లో దించింది. 2014లో ఒక సీజన్, 2020లో ఒక సీజన్. రెండోసారి మిగతా క్లబ్బుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చింది. వాళ్ల బాధలో న్యాయముంది. శుక్రవారం గేటు డబ్బుల మీద బతికే చిన్న క్లబ్బుకి, అభిమానులెవరూ వెంట రాని రిజర్వ్ జట్టు వస్తే ఏం లాభం? అయినా అదే 2020లో ఆ జట్టుకి ఆడుతూ కెవిన్ జెఫీ పదిహేనేళ్లకే ఫస్ట్ డివిజన్‌లో గోల్ కొట్టాడు. మరుసటి ఏడాది ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు. ఆ జట్టు లేకపోతే అంత చిన్నవాణ్ణి ఆ మైదానంలోకి ఎవరు దించేవారు? ఈ విషయంలో నా మనసు ఇప్పటికీ రెండువైపులా లాగుతుంది.

ఇప్పుడు రిజర్వ్ జట్టంటే ఊరిని బట్టి అర్థం మారుతుంది. డోనెగాల్ వైపు ఫిన్ హార్ప్స్, డెర్రీ సిటీల రిజర్వ్‌లు ఉల్‌స్టర్ సీనియర్ లీగ్‌లో, కాక్‌హిల్ సెల్టిక్ లాంటి గట్టి జట్ల మీద ఆడుతూ వచ్చాయి. అది నిజమైన ఆట. సరిహద్దు దాటి ఉత్తర ఐర్లండ్‌కి వెళ్తే రిజర్వ్ జట్లకి పేర్లు కూడా ఉంటాయి, లిన్‌ఫీల్డ్ స్విఫ్ట్స్, క్లిఫ్టన్‌విల్ ఒలింపిక్ అని. డబ్లిన్‌లో మాత్రం ఎవరైనా ‘రిజర్వ్స్‌లో చూస్తాం’ అంటే మూడు ప్రశ్నలు వెయ్యండి. ఆ జట్టు ఏ లీగ్‌లో ఆడుతుంది? వచ్చే నెల మ్యాచ్‌ల లిస్టు చూపిస్తారా? పోయినేడు అందులోంచి మొదటి జట్టుకి ఎంతమంది ఆడారు? మొదటి ప్రశ్నకే నీళ్లు నమిలితే అది ప్రాక్టీస్‌లో కోన్‌లు పేర్చడానికి పిలుస్తున్నట్టే.

ఫస్ట్ డివిజన్

ఇక్కడి ఆటగాళ్లలో చాలామంది పగలు ఉద్యోగమో కాలేజో చూసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లే. ప్రీమియర్ క్లబ్బులు తమ కుర్రాళ్లని ఇక్కడికి లోన్ మీద పంపుతాయి. ఒకరకంగా దేశం మొత్తానికీ ఇదే రిజర్వ్ లీగ్, ఎవరూ ఆ పేరుతో పిలవరు గానీ. తర్వాత మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ అయిన రాయ్ కీన్ 1990లో ఇంగ్లండ్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వెళ్లింది ఫస్ట్ డివిజన్ జట్టు కోవ్ రాంబ్లర్స్ నుంచే. అప్పట్లో అతను ఎఫ్‌ఏఐ, ప్రభుత్వ ఉద్యోగ శిక్షణ సంస్థ ఫాస్ కలిసి నడిపిన శిక్షణ కోర్సులో కూడా ఉన్నాడు. అలాంటివి ఇప్పుడు ఎఫ్‌ఏఐ, ఈటీబీ (ప్రభుత్వ విద్యా శిక్షణ బోర్డులు) కోర్సులుగా నడుస్తున్నాయి. లీవింగ్ సర్ట్ అయ్యాక ఏం చేయాలో తేలనివాళ్లు ఒకసారి కనుక్కోవచ్చు.

ప్రయాణం సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. డబ్లిన్ నుంచి ఫిన్ హార్ప్స్ ఊరు బాలీబోఫేకి బస్సులో మూడు గంటల పైమాటే. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరితే ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అంత దూరం వెళ్లి 85వ నిమిషంలో సబ్‌గా దిగితే శనివారమంతా ఎవరితోనూ మాట్లాడడు. లోన్ అయితే మొదటి జట్టులో చోటు ఖాళీ ఉన్న క్లబ్ చూసుకోండి, పట్టికలో పై స్థానం చూసి కాదు. ప్రమోషన్ కోసం కొట్లాడే కోచ్ పందొమ్మిదేళ్లవాడి తప్పుని రెండోసారి క్షమించడు.

ఇంటర్మీడియట్: నామోషీ అనుకున్నది

ఇది మా ఇంటి దారి, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది. మెసేజ్ వచ్చిన తర్వాత రెండు నెలలు మావాడు బూట్లు ముట్టుకోలేదు. లెయిన్‌స్టర్ సీనియర్ లీగ్ అంటే వాడికి నామోషీ. అకాడమీ పిల్లలు దాన్ని దిగిపోవడంగానే చూస్తారు.

మొదటి మ్యాచ్ జనవరి ఆదివారం. గోల్ ముందంతా బురద, పక్కనే పార్కింగ్‌లో థర్మోస్‌తో నలుగురు ముసలాళ్లు. ఎదుటి జట్టు స్ట్రైకర్‌కి ముప్పైనాలుగేళ్లుంటాయి, ప్లాస్టరింగ్ పని చేస్తాడట, చేతులు అలా ఉన్నాయి. మొదటి కార్నర్‌కే మావాడి పాదం మీద తన పాదం పెట్టి నిలబడ్డాడు. రిఫరీ బంతిని చూస్తున్నాడు. బంతి వచ్చింది, మావాడు ఎగరలేదు, గోల్. రెండో కార్నర్‌కి మావాడు రెండడుగులు వెనక్కి నిలబడి, పరుగెత్తుకుంటూ వచ్చి తలతో బయటికి కొట్టాడు. ఆ స్ట్రైకరే వీపు తట్టి ఏదో అన్నాడు. ఆరేళ్ల అకాడమీలో ఎవరూ నేర్పనిది ఇరవై నిమిషాల్లో వచ్చింది. అకాడమీలో పాదం తొక్కేవాడు లేడు కదా, ఎలా వస్తుంది?

ఇక లాభనష్టాలు. ప్రాక్టీస్ వారానికి రెండు రోజులు, ఇంటికి దగ్గర. మన డబ్లిన్ 15 వాళ్లకి క్లాన్సిల్లాలో సెయింట్ మోక్టాస్ ఉంది, లూకన్ వాళ్లకి లూకన్ యునైటెడ్ ఉంది. ఇంటర్మీడియట్ క్లబ్బులకి ఎఫ్‌ఏఐ కప్‌లో చోటు ఉంటుంది కాబట్టి అదృష్టం బాగుంటే ప్రీమియర్ జట్టు మీద ఆడే రోజూ రావచ్చు. నష్టం ఏమిటంటే స్కౌట్‌లు తక్కువ, ఫిజియో ఉంటే ఉంటాడు లేకపోతే లేదు, పిచ్‌లు అంతంతమాత్రం. ఇక్కడి నుంచి పైకి ఎవరూ వెళ్లరని మాత్రం అనకండి. షేమస్ కోల్మన్ కిల్లీబెగ్స్‌లో ఊరి జూనియర్ క్లబ్బు నుంచి స్లైగో రోవర్స్‌కి వెళ్లాడు. 2009లో ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ అతన్ని 60,000 పౌండ్లకి కొంది. అందరూ కోల్మన్‌లు అవరు, కానీ ఆ తలుపు మూసేసి లేదు.

ఒక చిక్కు ఉంది. పై రెండు డివిజన్‌లూ క్యాలెండర్ ఏడాది ప్రకారం నడుస్తాయి, ఇంటర్మీడియట్ ఆకురాలు కాలంలో మొదలై వేసవి ముందు ముగుస్తుంది. నవంబరులో అకాడమీ వదిలినవాడు వీళ్ల సీజన్ మధ్యలో వస్తాడు. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో లీగ్ ఆఫీసుని అడగండి. అందరినీ ఒకే క్యాలెండర్‌లోకి తేవడానికి 2024 డిసెంబరులో ఎఫ్‌ఏఐ సభ్యులు ఓటేశారు గానీ, అది కింది దాకా అమలవడానికి ఏళ్లు పడుతుంది.

యూనివర్సిటీ

మన ఇళ్లల్లో ఎక్కువ చర్చ లేకుండా ఒప్పుకునే దారి ఇది. యూసీడీలో (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్) డాక్టర్ టోనీ ఓ’నీల్ 1979లో మొదలుపెట్టిన ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆ జట్టు లీగ్ ఆఫ్ ఐర్లండ్‌లో ఆడుతుంది, 1984లో ఎఫ్‌ఏఐ కప్ కూడా గెలిచింది. ఆ కప్పుతో యూరప్‌లో ఆడే అవకాశమొచ్చి, అప్పటి మహా జట్టు ఎవర్టన్ చేతిలో రెండు మ్యాచ్‌లకీ కలిపి ఒక్క గోల్ తేడాతోనే ఓడింది. కుర్రాళ్లని నమ్మి ఆడించడం ఆ క్లబ్ అలవాటు, ఎందుకంటే దానికి వేరే దారి లేదు. స్టాండ్‌లు మాత్రం ఖాళీ. చప్పట్ల కోసం ఆడేవాడికి అక్కడ దిగులేస్తుంది. మిగతా యూనివర్సిటీల్లో ఆట ప్రధానంగా కాలింగ్‌వుడ్ కప్ లాంటి కాలేజీ టోర్నీల చుట్టూ తిరుగుతుంది. పక్కన ఒక ఇంటర్మీడియట్ క్లబ్ కూడా పెట్టుకోవాలి.

విదేశం, పాస్‌పోర్ట్

బ్రెగ్జిట్ తర్వాత పద్ధెనిమిది నిండకుండా ఇక్కడి కుర్రాణ్ణి ఇంగ్లండ్ క్లబ్ తీసుకోలేదు. మేసన్ మీలియా సంగతే చూడండి. ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్ 2025 ఫిబ్రవరిలోనే అతని క్లబ్ సెయింట్ పాట్రిక్స్‌తో బేరం కుదుర్చుకుంది, అప్పటిదాకా ఈ లీగ్‌లో ఎవరికీ పలకని ధర. అయినా పద్ధెనిమిది నిండేదాకా అతను డబ్లిన్‌లో ఆ క్లబ్ ఉండే ఇన్చికోర్‌లోనే ఆడాడు, 2026 జనవరిలో వెళ్లాడు. దీనివల్ల మంచివాళ్లు ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటున్నారు. మిగతావాళ్లకి జట్లలో చోటు ఆ మేరకు బిగుసుకుంది.

మన ఇళ్లకి ప్రత్యేకమైన మాట ఒకటి. పద్ధెనిమిది దాటాక ఐర్లండ్ పౌరుడికి బ్రిటన్‌లో పనికి పర్మిట్ అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్ట్ మీదున్న కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఈ నిర్ణయం ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు తీసుకోవాలి, ట్రయల్‌కి పిలుపొచ్చిన వారం మాత్రం కాదు. ఐర్లండ్ పౌరసత్వం లేని పదేళ్లు దాటిన పిల్లాణ్ణి మొదటిసారి క్లబ్బులో రిజిస్టర్ చేసేటప్పుడు కూడా అదనపు కాగితాలు అడుగుతారు. స్కూలు, ఇంటి అడ్రస్ రుజువులు ఒక ఫైల్లో పెట్టుకోండి.

మీవాడు ఎలాంటివాడు?

గోల్‌కీపర్ అయితే లెక్కే వేరు. ఆ చోటు ఒక్కటే, పంచుకోవడం ఉండదు. గావిన్ బజూనులా పదహారేళ్లకే షామ్రాక్ రోవర్స్ గోల్‌లో నిలబడేవాడు ఏ తరానికో ఒకడు. మిగతావాళ్లు ప్రీమియర్ క్లబ్బులో మూడో కీపర్‌గా గ్లోవ్స్ మోయడం కంటే ఇంటర్మీడియట్‌లో నంబర్ వన్ కావడం మేలు.

ఒళ్లు ఆలస్యంగా ఎదిగేవాడైతే తొందరపడి ఫస్ట్ డివిజన్‌కి తోయకండి, ఏడాదిన్నర ఇంటర్మీడియట్ ఆడాక చూడండి. లీవింగ్ సర్ట్ ఏడాదైతే అండర్-20లోనే ఉంచండి. నిమిషాలు పోయినా జూన్ దాకా అలవాటైన దినచర్య ఉంటుంది. ఇప్పటికే అండర్-20లో ప్రతి మ్యాచ్ మొదటి నుంచీ ఆడుతున్నవాడైతే ఇదంతా వదిలేసి ఫస్ట్ డివిజన్ లోన్ అడగండి, ఈ సీజన్‌లోనే. అమ్మాయిల దారి వేరు. వాళ్లకి జాతీయ స్థాయిలో సీనియర్ డివిజన్ ఒక్కటే, దాని గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు రాయాలి.

ఏ క్లబ్‌తో మాట్లాడినా ట్రయల్ అయ్యాక మీరు కాకుండా వాణ్ణే అడగనివ్వండి: ‘నా స్థానంలో ఇప్పుడు ఎవరు ఆడుతున్నారు, వాళ్ల వయసెంత?’ మావాడు ఇప్పటి కోచ్‌ని అడిగితే, ఇద్దరున్నారు, ఒకడికి ముప్పైమూడు, ఇంకోడు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు అని చెప్పాడు. ఆ జనవరి నుంచి మే దాకా ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఒక్క సున్నా పడలేదు. ఒకచోట మాత్రం 63 అని ఉంది, పక్కన ఎర్ర స్కెచ్ పెన్‌తో చిన్న చదరం. ఆ రోజు రెడ్ కార్డ్.